పదహారేళ్ల అనుభవం దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

ప్రశ్న: నా వయసు 42. విజయవాడ సమీపంలోని ఒక అట్టపెట్టెల కర్మాగారంలో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. మార్కెటింగ్‌లో చేరి సేల్స్ మేనేజరు వరకు వచ్చాను. మామిడి, రొయ్యలు, మందుల కంపెనీల్లో పెట్టెలు కొనే పర్చేజ్ మేనేజర్లు చాలామంది నాకు పేరుపేరునా తెలుసు. సొంతంగా ఒక సెమీ ఆటోమేటిక్ యూనిట్ పెట్టాలనుకుంటున్నాను. మొత్తం అంచనా 90 లక్షలు. అందులో యంత్రాలకు 52, షెడ్డు అడ్వాన్సుకు, కరెంటు కనెక్షన్‌కు కలిపి 11, వర్కింగ్ క్యాపిటల్‌కు 15, ఇతర ఖర్చులకు 12 లక్షలు వేసుకున్నాను. నా దగ్గర 35 లక్షలున్నాయి. మిగిలిన 55 లక్షలకు బ్యాంకువారు మా మామగారి ఇంటి పత్రాలు అడుగుతున్నారు. ఏడాది తిరిగేసరికి నెలకు 20 లక్షల అమ్మకాలు అందుకోగలనని నా నమ్మకం. మా పెద్దమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. చిన్ననాటి మిత్రుడొకడు భాగస్వామిగా వస్తానంటున్నాడు. అతను నాలుగేళ్ల కిందట మంచినీళ్ల ప్లాంటు పెట్టి, నష్టం వచ్చి మూసేశాడు. "ఒకసారి దెబ్బ తిన్నవాణ్ని, మళ్లీ ఆ తప్పు చేయను" అంటాడు. మామగారేమో "జీతానికి అలవాటుపడినవాడికి వ్యాపారం అబ్బదు, దానికి అనుభవం ఉండాలి" అంటున్నారు. ఇదే రంగంలో పదహారేళ్లున్న నాకు అనుభవం లేదనడం సబబేనా? మిత్రుణ్ని కలుపుకోవచ్చా? పాత కస్టమర్లు నా వెంట వస్తారా?

సమాధానం: మీకు అనుభవం ఉంది, అది గట్టి అనుభవమే. అయితే ఆ అనుభవమంతా వ్యాపారంలో ఒక కొసనే, అంటే అమ్మకాల వైపే, పోగుపడింది. మీరు వేసిన అంచనా మాత్రం రెండో కొసను, అంటే డబ్బు, తయారీల వైపును కూడా చూసినవారు వేసినట్టుగా ఉంది. నాకు మీ ఉత్తరంలో ఆందోళన కలిగించినది ఆ తేడా ఒక్కటే. వ్యాపారం పెట్టవద్దని నేను చెప్పను. మొదటి రోజునే 90 లక్షలతో, ఇంటి పత్రాలతో దిగవద్దని మాత్రం చెబుతాను.

ముందుగా మీ పక్షాన ఉన్న మాట. కొత్త వ్యాపారాలు కుర్రవాళ్లకే అచ్చివస్తాయన్నది బాగా ప్రచారంలో ఉన్న అభిప్రాయం. అమెరికాలో అజూలే, జోన్స్, కిమ్, మిరాండా అనే నలుగురు ఆర్థికవేత్తలు దాదాపు 27 లక్షల మంది వ్యవస్థాపకుల వివరాలను ప్రభుత్వ రికార్డుల నుంచి తీసి పరిశీలించి, 2018లో వెల్లడించిన ఫలితాలు దీనికి పూర్తి విరుద్ధంగా ఉన్నాయి. అత్యంత వేగంగా ఎదిగిన సంస్థలను, అంటే వెయ్యింటికి ఒకటిగా నిలిచిన వాటిని విడిగా తీసి చూస్తే, వాటిని స్థాపించేనాటికి వ్యవస్థాపకుల సగటు వయసు 45. వ్యాపారం పెట్టబోయే రంగంలోనే కనీసం మూడేళ్లు పనిచేసినవారికి అలాంటి ఘన విజయం దక్కే అవకాశం, ఆ రంగంతో సంబంధమే లేనివారికంటే 85 శాతం ఎక్కువగా కనిపించింది. ఈ లెక్కలో వయసూ రంగమూ రెండూ మీకు అనుకూలమే. కాబట్టి మామగారి మాటను అన్న రూపంలోనే ఒప్పుకోనవసరం లేదు. జీతానికి పనిచేసిన కాలం కూడా అనుభవం కిందికే వస్తుంది.

అయితే ఇది అమెరికా లెక్క అన్న సంగతి అటుంచినా, ఇందులో మరొక పరిమితి ఉంది. ఆ పరిశోధకులు రంగాన్నీ సంవత్సరాలనూ కొలవగలిగారు గాని, ఆ సంవత్సరాల్లో ఎవరు ఏ నిర్ణయాలు తీసుకున్నారో, వాటి ఫలితాన్ని ఎవరు భరించారో ఆ రికార్డులు చెప్పవు. మీ విషయంలో అసలు తేలవలసింది అదే. ఇలాంటి ఉత్తరం రాసే ప్రతివారినీ నేను ఒక పని చేయమంటాను: ఉద్యోగంలో మీరు స్వయంగా తీసుకున్న నిర్ణయాలను ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కదాని ఎదురుగా "ఇది బెడిసికొడితే డబ్బు ఎవరిది పోయేది" అని వేసుకోండి. ఏ కస్టమరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి, ఏ రేటు చెబితే ఆర్డరు నిలుస్తుంది, ఎవరు బేరమాడి చివరికి కొంటారు, ఎవరు కొటేషన్ తీసుకుని పక్కవాడి రేటు తగ్గించుకోవడానికి వాడుకుంటారు అన్నవి మీరు పదహారేళ్లలో కొన్ని వందలసార్లు తేల్చుకుని ఉంటారు. ఏ మిల్లు కాగితం ఎప్పుడు కొనాలి, ఎంత నిల్వ పెట్టాలి, ఎవరికి ఎన్ని రోజుల అరువు ఇవ్వాలి, డబ్బు రాని నెలలో జీతాలు ముందా, మిల్లు బాకీ ముందా అన్నవి బహుశా ఒక్కసారి కూడా మీ చేతిలోకి వచ్చి ఉండవు.

తీర్పు ఎప్పుడు నమ్మదగినదవుతుందన్న ప్రశ్నపై డానియెల్ కానెమన్, గ్యారీ క్లైన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 2009లో కలిసి ఒక వ్యాసం రాశారు. అనుభవజ్ఞుల అంతఃస్ఫూర్తిని ఒకరు శంకించేవారు, మరొకరు మెచ్చుకునేవారు. ఇద్దరూ కలిసి తేల్చినది ఇది: పరిసరాల్లో ఒక క్రమం ఉండాలి, చేసిన అంచనా ఒప్పో తప్పో త్వరగా, స్పష్టంగా తెలియాలి. ఈ రెండూ ఉన్నచోట పదేపదే చేసిన పని వల్ల సహజంగా సరైన తీర్పు అలవడుతుంది. లేనిచోట ఏళ్లు గడిచేకొద్దీ ధీమా పెరుగుతుంది గాని తీర్పు మెరుగుపడదు. మీ అమ్మకాల పనిలో ఫలితం వారం రోజుల్లో తెలిసేది, ఆర్డరు వచ్చేది లేదా పోయేది. కాబట్టి కొనేవారి విషయంలో మీ మనసుకు తోచినదాన్ని నేను నమ్ముతాను. అరువు విషయం అలా కాదు. మీరు తెచ్చిన ఆర్డరు తాలూకు డబ్బు ఎనభయ్యో రోజున వచ్చిందో నూటయిరవయ్యో రోజున వచ్చిందో, ఆలోగా మీ యజమాని ఓవర్‌డ్రాఫ్ట్‌పై ఎంత వడ్డీ కట్టారో అకౌంట్స్ విభాగానికి తెలుసు. మీ దాకా ఆ సమాచారం వచ్చి ఉండదు. వచ్చినా మీ ఇన్సెంటివ్ ఆర్డరు విలువ మీద లెక్కకట్టి ఉంటారు గాని వసూలైన తేదీ మీద కాదు.

దీని ఫలితం మీ అంచనాలోనే కనిపిస్తోంది. నెలకు 20 లక్షల అమ్మకాలు అన్నారు. మీ రంగంలో రెండు మూడు నెలల అరువు మామూలే కనుక, సగటున 75 రోజులు అనుకుందాం. అప్పుడు ఏ రోజు చూసినా కస్టమర్ల దగ్గర 50 లక్షల బిల్లులు నిలిచి ఉంటాయి. అట్టపెట్టె ఖర్చులో సింహభాగం క్రాఫ్ట్ కాగితానిదే, అంటే పెట్టెలకు వాడే మందపాటి గోధుమరంగు కాగితానిదే. కొత్తగా వచ్చినవారికి మిల్లులు రెండు నెలల అరువు ఇవ్వవు, నగదు అడుగుతాయి, మహా అయితే పక్షం రోజులు ఆగుతాయి. పేరున్న మీ యజమానికి దొరికే అరువు మీకు దొరకదు, ఆయన కొనే ధర కూడా మీకు దొరకదు. దీనికి మీరు కేటాయించినది 15 లక్షలు. బ్యాంకుల లెక్క ప్రకారం చూసినా ఇది చాలదు. రిజర్వు బ్యాంకు నాయక్ కమిటీ సిఫారసుల మేరకు అమలులోకి తెచ్చిన కొలతలో, 5 కోట్ల లోపు రుణ పరిమితి కోరే చిన్న యూనిట్లకు వార్షిక టర్నోవరులో 25 శాతం నిర్వహణ మూలధనం (వర్కింగ్ క్యాపిటల్) అవసరమని లెక్కించి, అందులో 20 శాతం బ్యాంకు, 5 శాతం యజమాని సమకూర్చుకోవాలంటారు. మీ 20 లక్షల నెలసరి లక్ష్యం ఏడాదికి 2 కోట్ల 40 లక్షలు. అందులో 25 శాతమంటే 60 లక్షలు. మొదటి ఏడాది అమ్మకాలు అంత ఉండవు కనుక అవసరం తక్కువే కావచ్చు, కాని అమ్మకాలు పెరిగేకొద్దీ డబ్బు చాలక ఆగిపోయే పరిస్థితి వస్తుంది. ఆర్డర్లు లేక మూతపడే యూనిట్ల సంగతి అందరికీ తెలిసిందే. చేతి నిండా ఆర్డర్లుండి కాగితం కొనడానికి డబ్బు లేక చతికిలపడేవాటి సంగతి అమ్మకాల మనిషి నమ్మలేడు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

దీనికి తోడు పన్ను ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అట్టపెట్టెలపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, వాటిని చేసే క్రాఫ్ట్ కాగితంపై 12 నుంచి 18 శాతానికి పెరిగింది. కస్టమర్లతో మాట్లాడే మీకు ఇది శుభవార్తగానే వినిపించి ఉంటుంది, పెట్టె చౌక అయింది కదా. తయారీదారు వైపు నుంచి చూడండి. నెలకు 13 లక్షల కాగితం కొంటే దానిపై 2 లక్షల 34 వేలు పన్ను కడతారు. 20 లక్షల పెట్టెలు అమ్మితే వసూలు చేసే పన్ను లక్ష మాత్రమే. మిగిలిన లక్షా 34 వేలు ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే ప్రభుత్వం నుంచి మీకు రావలసిన పన్నుగా, ఖాతాలో పేరుకుంటుంది. దాన్ని రిఫండుగా అడగవచ్చు, వస్తుంది కూడా, కాని వచ్చేదాకా అది మీ డబ్బే. ఒక్క నాలుగు నెలలు ఆలస్యమైతే 5 లక్షలు దాటిపోతుంది, అంటే మీ 15 లక్షల్లో మూడో వంతు.

షెడ్డు లోపలి సంగతులు కూడా ఇలాంటివే. కాగితాన్ని తూకానికి కొంటారు. తేమ ఎక్కువున్న రీలు దించుకుంటే నీటికి కూడా కాగితం ధర ఇచ్చినట్టే. అందుకే అనుభవమున్న యజమాని లారీ దగ్గరే తేమ చూస్తాడు, జీఎస్‌ఎం (చదరపు మీటరుకు బరువు), బీఎఫ్ (పగలకుండా తట్టుకునే బలం) బిల్లు మీద ఉన్నట్టే వచ్చాయో లేదో ముక్క కత్తిరించి పరీక్షిస్తాడు. రీలు వెడల్పు పెట్టె కొలతకు కుదరకపోతే ప్రతి షీటు అంచునా కత్తిరింపు వృథా అవుతుంది. వర్షాకాలంలో అదే జిగురు, అదే కాగితంతో చేసిన అయిదు ప్లై (అయిదు పొరల) పెట్టె కూడా గాలిలో తేమ పీల్చి మెత్తబడి, గోదాములో పై వరుసల బరువుకు కుంగుతుంది. కస్టమరు ఫిర్యాదు చేసినప్పుడు ఆ సరుకు వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పినవారు మీరే అయి ఉంటారు. తప్పు కాగితంలో ఉందా, జిగురు ఉడకడంలో ఉందా, ఎండకముందే పేర్చడంలో ఉందా అని రాత్రి షిఫ్టు ఆపరేటరుతో కూర్చుని తేల్చినవారు మరొకరు. యూనిట్ మీదయ్యాక ఆ మరొకరు మీ దగ్గర ఉండాలి, లేదా మీరే నేర్చుకుని ఉండాలి.

ఇక అనుభవం పండినవారు నిర్ణయం తీసుకునే తీరు ఎలా ఉంటుందన్నది. దీనిపై నాకు తెలిసినంతలో ఎక్కువ ఉపయోగపడే పరిశోధన భారతీయ మూలాలున్న సరస్ సరస్వతి చేసినది. ఆమె 1990లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ సైమన్ మార్గదర్శకత్వంలో, పెద్ద కంపెనీలను నిర్మించిన 27 మంది వ్యవస్థాపకులకు ఒకే కల్పిత వ్యాపారాన్ని ఇచ్చి, నిర్ణయాలు తీసుకుంటూ మనసులో మాటను బయటికి చెప్పమని కోరి రికార్డు చేశారు. అదే సమస్యను తరువాత ఎంబీఏ విద్యార్థులకు కూడా ఇచ్చి పోల్చారు. విద్యార్థులు మార్కెట్ ఎంత, అందులో మన వాటా ఎంత, రాబడి ఎంత అని అంచనాల నుంచి వెనక్కి లెక్క కట్టారు. అనుభవజ్ఞుల్లో అత్యధికులు భవిష్యత్తు అంచనాలను పెద్దగా నమ్మలేదు. నా దగ్గర ఏముంది, నాకు ఎవరు తెలుసు, మొదటి కొనుగోలుదారును ఎలా పట్టుకోవాలి, ఇది పూర్తిగా పోతే నేను తట్టుకోగలిగిన మొత్తం ఎంత అన్న ప్రశ్నలతో మొదలుపెట్టారు. రాబడి లెక్క ఎవరైనా అందంగా వేయగలరు. భరించగలిగే నష్టం లెక్క మాత్రం ఎవరిది వారే వేసుకోవాలి, పైగా అది ఇంట్లోవారితో కూర్చుని వేయవలసిన లెక్క.

మీ ఉత్తరంలో మొదటి రకం లెక్క ఉంది, రెండోది లేదు. 35 లక్షల్లో మీ అమ్మాయి చదువుకు పక్కన పెట్టవలసినది ఎంత, ఇల్లు నడవడానికి ఏడాదిన్నరకు కావలసినది ఎంత అన్నవి తీసేస్తే మిగిలేదే మీరు పందెం కాయగల మొత్తం. అది 10 లక్షలో 12 లక్షలో తేలవచ్చు. మామగారి ఇల్లు ఆ లెక్కలోకి రానే రాదు, అది మీ నష్టం కాదు, ఆయనది. "అనుభవం లేదు" అన్న ఆయన మాట వెనుక ఆ పత్రాల గురించిన భయం ఉండి ఉంటుంది. ఆ వయసులో ఎవరికైనా ఉంటుంది. అల్లుడితో నేరుగా అనలేక అనుభవం పేరు చెప్పి ఉంటారు. చిన్న పరిశ్రమలకు తాకట్టు లేకుండా అప్పు ఇచ్చేందుకు సీజీటీఎంఎస్‌ఈ గ్యారంటీ పథకం ఉంది. బ్యాంకు మేనేజరు దాని ఊసెత్తకుండా ఇంటి పత్రాలు అడిగితే, ఆ పథకం కింద ఎందుకు ఇవ్వరో అడగండి. ఆయన ఇచ్చే జవాబును బట్టి మీ ప్రాజెక్టుపై బ్యాంకు అసలు అభిప్రాయం తెలుస్తుంది.

తక్కువ డబ్బుతో ఆ రెండో కొస అనుభవం సంపాదించడం ఎలా? మన హైదరాబాదు మందుల పరిశ్రమలో దీనికి మంచి ఉదాహరణలున్నాయి. కల్లం అంజిరెడ్డి 1969లో ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో ఉద్యోగిగా చేరి బల్క్ మందుల (మాత్రలకు ముడిసరుకయ్యే మందుల) తయారీని దగ్గరగా చూశారు. ఆ తరువాత నేరుగా డాక్టర్ రెడ్డీస్‌కు రాలేదు. 1976 నుంచి యూనిలాయిడ్స్‌ను, 1980 నుంచి స్టాండర్డ్ ఆర్గానిక్స్‌ను నడిపి, 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. అప్పటికి మందు తయారుచేయడమే కాక, భాగస్వాములతో కలిసి కంపెనీ నడపడం, డబ్బు సమకూర్చుకోవడం, తయారైన సరుకు అమ్ముడుపోయేలా చూడటం అన్నీ ఆయన చేతుల మీదుగా జరిగి ఉన్నాయి. మురళి దివి ప్రస్థానం మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అమెరికాలో ఉద్యోగం చేసి 1984లో తిరిగివచ్చి, అంజిరెడ్డితో కలిసి కెమినార్ అనే మందుల కంపెనీలో పనిచేశారు. 1990లో సొంతంగా మొదలుపెట్టినది కర్మాగారం కాదు, పరిశోధన కేంద్రం. మందుల తయారీ విధానాలను రూపొందించడం దాని పని. చౌటుప్పల్‌లో మొదటి తయారీ కేంద్రం వచ్చినది 1995లో. ముందు తెలిసిన విద్యను సరుకుగా మార్చారు, తరువాతే యంత్రాల మీద డబ్బు పెట్టారు.

ఆ రంగంతో సంబంధం లేనివారు గెలిచిన సందర్భాలూ ఉన్నాయి. బస్సు టికెట్లను ఆన్‌లైన్‌లో అమ్మే రెడ్‌బస్‌ను 2006లో ప్రారంభించిన ఫణీంద్ర సామ, ఆయన మిత్రులు ఇంజనీర్లు, బస్సుల వ్యాపారం ఎరుగరు. దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాదు రావడానికి టికెట్ దొరకకపోవడంతో పుట్టిన ఆలోచన అది. 2013లో ఆ సంస్థ ఇబిబో అనే పెద్ద ఇంటర్నెట్ కంపెనీ చేతికి వెళ్లింది. కాని అక్కడ అవసరమైనది అంతవరకు ఎవరూ చేయని పని, పాత పద్ధతులు తెలియకపోవడమే కలిసివచ్చే పని. మీది ఎప్పటినుంచో నడుస్తున్న రంగం, లాభం కిలోకు రూపాయల్లోనూ పైసల్లోనూ తేలేది. ఇలాంటి చోట తెలియనితనం కలిసిరాదు. గెలిచినవారి కథలనే అందరూ రాస్తారన్నది కూడా గుర్తుంచుకోవాలి, నేనూ ఇప్పుడు అదే చేశాను.

మీకు నేను సూచించే దారి ఇది. ఉద్యోగం వదలకముందు ఆరునెలలో ఏడాదో మీ కంపెనీలోనే పని మార్చుకోండి. వసూళ్ల బాధ్యత అడిగి తీసుకోండి, వీలైతే కాగితం కొనుగోళ్లలో సాయపడతానని చెప్పండి. వసూళ్లు నెత్తిన వేసుకుంటానంటే కాదనే యజమాని ఉండడు. ఏ కస్టమరు ఎన్నో రోజున కడుతున్నాడో మీ చేతి పుస్తకంలో రాసుకుంటే, మీకు బాగా తెలుసనుకున్నవారిలో సగం మందిపై మీ అభిప్రాయం మారవచ్చు. తరువాత ఉద్యోగం మానేసి, కాగితాన్ని అలలుగా మడిచి అట్టగా మార్చే కరుగేషన్ యంత్రం జోలికి పోకుండా, వేరే ప్లాంటు నుంచి తయారైన షీట్లు కొని, క్రీజింగ్ (మడత గీతలు), స్లాటింగ్ (గాట్లు), స్టిచింగ్ (పిన్నులు కొట్టడం) మాత్రమే చేసే చిన్న షెడ్డుతో మొదలుపెట్టండి. షీట్లు కొనడం వల్ల పెట్టెకు మిగిలేది తగ్గుతుంది, నిజమే. ఆ తగ్గినదాన్ని చదువుకు కట్టిన ఫీజుగా లెక్కవేసుకోండి. నెలకు ఎన్ని టన్నులు నిలకడగా కదులుతోందో చూశాక, కరుగేటరు ఏ పరిమాణంలో కావాలో మీ అమ్మకాలే చెబుతాయి. సబ్సిడీ ఎక్కువ వస్తుందని యంత్రం పెద్దది కొనడం వంటి పొరపాటు అప్పుడు జరగదు.

అంత షెడ్డు కూడా లేకుండా ఇతరుల పెట్టెలను కొని అమ్మితే చాలదా అని మీకు అనిపించవచ్చు. అందులో ఒక చిక్కుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజుల్లోగా చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతుంది. ఆ గడువు మీరితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడిగే హక్కు కూడా ఇస్తుంది. ఆ గడువు దాటిన బాకీని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదన్న ఆదాయపు పన్ను నిబంధన 2024 ఏప్రిల్ నుంచి తోడైంది. అయితే ఈ రక్షణ తయారీదారులకూ సేవలందించేవారికీ వర్తిస్తుంది. కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) ఉన్నా అది ప్రాధాన్య రంగ రుణాల వరకే పనికొస్తుంది. షీటును పెట్టెగా మార్చే చిన్న షెడ్డు మిమ్మల్ని తయారీదారుగా నిలబెడుతుంది. చట్టం ఉన్నంతమాత్రాన పెద్ద కంపెనీలు తేదీ తప్పకుండా కడతాయని నేను అనను. చిన్నవాడు కస్టమరు మీద ఫిర్యాదుకు వెళ్లడం ఎంత అరుదో మీకు తెలియనిది కాదు. అయినా సంవత్సరాంతంలో వారి ఆడిటరు అడిగే ప్రశ్న మీకు కొంత సాయపడుతుంది.

ఇక మీ మిత్రుడి విషయం. ఓటమే గొప్ప గురువని అందరూ అంటారు గాని, లెక్కలు అంత ఉదారంగా లేవు. అమెరికాలో వెంచర్ పెట్టుబడి పొందిన వ్యవస్థాపకులపై హార్వర్డ్‌లో గాంపర్స్, లెర్నర్, మరో ఇద్దరు చేసిన అధ్యయనంలో, కంపెనీని స్టాక్ మార్కెట్ దాకా తీసుకెళ్లడాన్ని విజయమనుకుంటే, ముందు ఒకసారి గెలిచినవారు మళ్లీ గెలిచే అవకాశం 30 శాతం, మొదటిసారి దిగినవారికి 18 శాతం, ముందు ఓడినవారికి 20 శాతం. ఓడినవారికీ కొత్తవారికీ మధ్య తేడా రెండు శాతమే. అతని చేదు అనుభవానికి మీరు ఇవ్వదగిన విలువ దాదాపు అంతే. బ్రిటన్‌లో 576 మంది వ్యాపారులపై వచ్చిన మరో పరిశోధన ఇంకా సూటిగా ఉంది. ఒకేసారి రెండు మూడు వ్యాపారాలు నడిపేవారు వాటిలో ఒకటి దెబ్బతింటే తమ ఆశలను తగ్గించుకున్నారు. ఒకటి మూసి మరొకటి తెరిచేవారిలో మాత్రం ఓటమి తరువాత కూడా అతివిశ్వాసం తగ్గినట్టు కనిపించలేదు. మీ మిత్రుడు ఈ రెండో తరహా మనిషి.

అంటే వద్దని కాదు. అతన్ని ఒక పూట కూర్చోబెట్టి ఆ మంచినీళ్ల ప్లాంటు కథ మొదటి నుంచి చెప్పించుకోండి. ఫలానా డీలరు మోసం చేశాడు, కరెంటువాళ్లు సతాయించారు, లాక్‌డౌన్ వచ్చింది అన్న మాటలే వినిపిస్తే, అతను అక్కడ ఉన్నాడు గాని అనుభవం పొందలేదని అర్థం. "ఎండాకాలపు అమ్మకాలు చూసి రెండో వ్యాను అప్పు మీద కొన్నాను, వానాకాలంలో కిస్తీ కట్టలేకపోయాను, ఆ వ్యాను కొనకుండా ఉంటే మరో ఏడాది నిలిచేవాణ్ని" అన్న తీరులో తన నిర్ణయాన్నీ దాని ఫలితాన్నీ కలిపి చెప్పగలిగితే, అతను మీకు లేనిదాన్ని తెస్తున్నాడు. ఖాతా పుస్తకాలు చూపించమని కూడా అడగండి, మిత్రుడైతే తప్పుపట్టడు. మొదటి ఏడాది వాటా ఇవ్వకుండా జీతం మీద పెట్టుకుని, డబ్బు చేతిలో ఉన్నప్పుడూ లేనప్పుడూ ఎలా నడుచుకుంటాడో చూసి తరువాత రాతకోతలు చేసుకోవడం మేలు. నిజానికి మీకు మిత్రుడికంటే ఎక్కువ అవసరమైన మనిషి మీ షాపు ఫ్లోర్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్న సూపర్‌వైజరు లాంటివారు. వాటా ఇవ్వాలనిపిస్తే అలాంటివారికి ఇవ్వండి.

మీ ధీమా గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1988లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలో 2,994 మంది కొత్త వ్యాపారులను అడిగితే, వారిలో 81 శాతం తాము గెలిచే అవకాశం పదింట ఏడు లేదా అంతకంటే ఎక్కువని చెప్పారు. మూడోవంతు మంది పదికి పది అన్నారు. గమనించవలసినది, తగిన సన్నద్ధత లేనివారు కూడా సన్నద్ధులైనవారంత ధీమాగానే ఉన్నారు. కాబట్టి ఏడాదిలో 20 లక్షలు అందుకోగలనన్న నమ్మకం బలంగా ఉండటం ఆ నమ్మకానికి రుజువు కాజాలదు. రుజువు కావాలంటే, మీతో కొంటామని మాట ఇచ్చినవారిలో ఎందరు అడ్వాన్సు గాని, రాతపూర్వకమైన ట్రయల్ ఆర్డరు గాని ఇస్తారో చూడాలి.

ఆ మాటే మీ చివరి ప్రశ్నకు తీసుకెళుతుంది. పర్చేజ్ మేనేజరు మీతో టీ తాగేది మీ మీద ఇష్టంతోనే కావచ్చు. ఆర్డరు ఇచ్చేది మాత్రం మీ కంపెనీ రెండు నెలలు అరువు ఇస్తుందని, ఒక లాటు చెడిపోతే మర్నాటికి మరో లాటు పంపగలదని. ఈ రెండూ మీ కొత్త షెడ్డు ఇవ్వలేదు. కాబట్టి పెద్ద కస్టమర్ల మీద ఆశ పెట్టుకోకుండా, పెద్ద ప్లాంట్లు పట్టించుకోని చిన్న లాట్లు, వింత కొలతలు, రెండు రోజుల్లో కావాలనే ఆర్డర్లు ఎవరివో మీ పాత డైరీలో వెతకండి. ఒకే రకం కస్టమర్ల మీద ఆధారపడకండి. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు రొయ్యల ఎగుమతిదార్లు పడిన ఇబ్బంది వారికి పెట్టెలు చేసేవారి దాకా పాకకుండా ఉండదు.

ఉద్యోగం మానేశాక అదే వ్యాపారం చేయకూడదని మీ నియామక పత్రంలో షరతు ఉన్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం అలాంటి షరతు సాధారణంగా చెల్లదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మాత్రం మీరు వారి మనిషే. జీతం తీసుకుంటూ కస్టమర్లను మీవైపు తిప్పుకోవడం గాని, రేట్ల పట్టికలు, కాస్టింగ్ షీట్లు ఫోనులోకి ఎక్కించుకోవడం గాని చేస్తే చట్టం మీ పక్షాన నిలబడదు. రాజీనామా చేసిన రోజున యజమానికి మీరే స్వయంగా విషయం చెప్పండి. షీట్లు కొనడానికి మీకు ఒక ప్లాంటు కావాలి కదా, నాణ్యత మీకు తెలిసిన ప్లాంటు అదే. ఆయన మొదట కోపగించుకున్నా, చిన్న లాట్ల తలనొప్పి మీకు వదిలేసి నెలకు కొన్ని టన్నుల షీట్లు అమ్ముకోవడం ఆయనకూ లాభమేనని లెక్క వేసి చూపించండి. ఆ కాగితం మీద మీరు ఎన్ని రోజుల్లో డబ్బు కడతారో కూడా రాయండి, ఆయన ముందు చూసేది అదే.